పళ్ళూడిన వేటగత్తె

ఆ చలికాలం మా దేశంలో సమ్మె చెయ్యకుండా మిగిలినవాళ్ళు ఇద్దరే. ఒకరు నేను, రెండోది మా మామగారి ఫెరెట్. జనవరి సగం గడిచేసరికి ఫెరెట్ కూడా పని మానేసింది. ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నాకు యూనియన్ లేదు.

మా ఆయన క్లిఫర్డ్ లారీ డ్రైవరు. కొత్త సంవత్సరం వచ్చినప్పటి నుంచీ పొయ్యివైపు కాళ్ళు చాపుకుని కూర్చుని కార్మికుల పోరాటం సాగిస్తున్నాడు. "టీ ఉందా?" అన్నదే ఆ పోరాటంలో ముఖ్యమైన నినాదం. వీధి చివర చెత్త గుట్టలు పడింది. దానిమీద మంచు కురిసి, దూరం నుంచి చూస్తే పండగ కార్డు మీద బొమ్మలా ఉండేది.

ఫెరెట్ పేరు హెట్టీ. చూడ్డానికి ముంగిసకి పినతల్లి కూతురిలా ఉంటుంది. పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, మీగడ రంగు బొచ్చు. వాసన మాత్రం దాని సొంతం. దాన్ని కుందేళ్ళ బొరియలోకి వదిలితే లోపలి కుందేళ్ళు ఠారెత్తి ఇంకో కన్నంలోంచి బయటికి దూకుతాయి. కన్నాలన్నిటిమీదా ముందే పరిచిన వలల్లో పడతాయి. మామగారి పేరు ఎనాక్. క్వారీలో రాళ్ళు కొట్టి రిటైరయ్యాక ఆయన చేస్తున్న ఉద్యోగం ఇదే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి శనివారం గార్సైడ్ పొలం గట్టుమీద ఆయన, ఆయన పార, ఆయన ఫెరెట్. గార్సైడ్‌కి కుందేలంటే తన గడ్డి తినే దొంగ. మాకు కుందేలంటే ఆదివారం వండుకునే 'పై', అంటే వత్తిన పిండిలో పెట్టి కాల్చిన మాంసం.

ఆ శరదృతువులో మా ఆడపడుచు మ్యూరియల్ వదినా నేనూ కలిసి మామగారి పేరు ఆవిడుండే హారోగేట్ టౌనులో వయసైనవాళ్ళ ఫ్లాట్లకి రాయించాం. వెచ్చటి గదులు, గంట కొడితే పరిగెత్తుకొచ్చే మనిషి, మెట్లు లేవు. జంతువులకి ప్రవేశం లేదు. ఆ చివరి మాట నాకు సంగీతంలా వినిపించిందని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఎనిమిదేళ్ళుగా ఫెరెట్ దొడ్లో, దాని వాసన నా వంటింట్లో. ఉతికిన దుప్పట్లలో అదే, పుడింగులో అదే. ఆయన గది ఖాళీ అయితే కుట్టుమిషన్ ఎక్కడ పెట్టాలో కూడా అనుకుని ఉంచాను.

ఆయన ఎదురు చెప్పలేదు. భోజనం ముగించి, కంచం పక్కకి జరిపి, సంతలో గుర్రాలు బేరమాడేవాళ్ళలా అరచేతిలో ఉమ్మి నావైపు చాపారు.

"హెట్టీ పని మానేసిన రోజు నేనూ కదుల్తాను అమ్మాయ్. ఇదే నా మాట. పట్టు."

కాలేజీలో మాకు చాలా నేర్పారు కానీ మామగారు ఉమ్మిన చేతిని ఎలా పట్టుకోవాలో నేర్పలేదు. పట్టుకున్నాను. తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. ఎనిమిదేళ్ళంటే ఫెరెట్‌కి తొంభై లెక్క. ఇంకెన్నాళ్ళులే అనుకున్నాను.

అయితే హెట్టీ నా లెక్క తప్పని నిరూపించింది. అక్టోబరుకే దాని పళ్ళన్నీ ఊడిపోయాయి. పళ్ళు లేని ఫెరెట్ ఎందుకు పనికొస్తుందని ఊళ్ళో అందరూ పెదవి విరిచారు. తీరా చూస్తే అది ఎప్పుడూ చెయ్యనంత బాగా పని చెయ్యడం మొదలెట్టింది. పళ్ళున్న రోజుల్లో లోపలే కుందేల్ని చంపి, కడుపారా తిని, దానిమీదే తల పెట్టుకుని నిద్రపోయేది. మామగారు పార పట్టుకుని పొద్దు వాలేదాకా గట్టు తవ్వేవారు. ఇప్పుడు కొరకడానికి ఏమీ లేదు. లోపలికి వెళ్ళి, కుందేళ్ళని ఊరికే భయపెట్టి, మర్యాదగా బయటికి వచ్చేస్తోంది.

"పళ్ళు లేవని దానికి తెలుసు, మనకి తెలుసు. కుందేలుకి తెలీదుగా!" అని మామగారు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వేవారు. ఆ రోజుల్లో కుందేలు 'పై' చేసీ చేసీ నాకు కుందేలంటేనే మొహం మొత్తిపోయింది.

క్రిస్మస్‌కి ముందు ఒక ఉదయం ఆయన హెట్టీని టోపీలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చారు. టోపీ తియ్యకుండా ఇంట్లోకి వచ్చే మనిషి టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడంటే ఏదో అయిందన్నమాట.

"చూడు అమ్మాయ్. పైకి చూస్తోంది."

నిజంగానే చూస్తోంది. కళ్ళు తెరిచి, మూతి పైకెత్తి, నా వంటింటి కప్పుని ఎప్పుడూ చూడనట్టు చూస్తోంది. నోట్లోంచి చొంగ. వెనక కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. బస్సెక్కి స్కిప్టన్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కుర్రాడు, కొత్తగా వచ్చాడు, చేతులు ఇంకా శుభ్రంగా ఉన్నాయి.

"ముసలిదైంది. ఒంట్లో చక్కెర ఉన్నట్టుండి పడిపోతోంది. అలా అయినప్పుడు చిగుళ్ళకి కాస్త తేనె రాయండి. మాంసం మెత్తగా చేసి కొద్దికొద్దిగా పెట్టండి. ఏం పెడుతున్నారు?"

"రొట్టె, పాలు," అన్నారు మామగారు.

"రొట్టె, పాలు ఇవాళ్టితో ఆపెయ్యండి."

"మా తాత కాలం నుంచీ ఫెరెట్‌కి రొట్టె, పాలే."

"మీ తాతగారి ఫెరెట్లు ఎన్నాళ్ళు బతికాయి?"

మామగారు ఆలోచించారు. "పాలు తాగినన్నాళ్ళు," అన్నారు.

తిరిగొచ్చే బస్సులో ఆయన హెట్టీ ఉన్న టోపీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దిగేముందు, "తేనె మీ ఇంట్లో ఉందా అమ్మాయ్?" అని అడిగారు. మీ ఇంట్లో అన్నారు. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లోనే పడుకుని లేస్తున్న మనిషి. నాకు ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది. కానీ బస్సు దిగేటప్పుడు ముల్లు తీసుకుంటూ కూర్చోలేం కదా.

అలా హెట్టీ ఇంట్లోకి వచ్చింది. పొయ్యి పక్కన అలమరలో అడుగు సొరుగు దాని గది అయింది. నా పెళ్ళికొచ్చిన బల్లగుడ్డలు ఖాళీ చేసి పాత స్వెట్టరు పరిచాను. ఇది ప్రేమతో చేసిన పని కాదు. అది దొడ్లో ఉంటే మామగారు గంటకోసారి చలిలో బయటికి వెళ్ళేవారు, తలుపు తెరిచి వదిలేసేవారు, నా వెచ్చదనమంతా వీధికి పోయేది. అంతే.

మాంసం మెత్తగా చెయ్యడానికి నా కైమా మిషనే దిక్కయింది. గోడకి బిగించి పిడి తిప్పే మిషను. కుందేలు కాలేయం, గుండె, ఒక గుడ్డు, చెంచాడు తేనె కలిపి ఉడికించి గిన్నెలో పెట్టి పొయ్యి గట్టుమీద వెచ్చగా ఉంచేదాన్ని. జనవరిలో ఒకనాడు క్లిఫర్డ్ యూనియన్ మీటింగు నుంచి ఆకలితో వచ్చాడు. నేను పైన పక్కలు సర్దుతున్నాను. దిగేసరికి గిన్నె నాకేసినట్టుగా ఉంది.

"ఐలీన్, ఇవాళ కూర అదిరింది! పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ వండలేదే?"

మామగారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను.

"ఏం వేశావేంటి ఇందులో? కాస్త తియ్యగా ఉంది."

"తేనె."

"కూరలో తేనెందుకు?"

"హెట్టీకి నీరసంగా ఉంటోందని."

క్లిఫర్డ్ చెంచా కింద పెట్టాడు. గిన్నెలోకి చూశాడు. సొరుగులోకి చూశాడు. సొరుగులోంచి హెట్టీ కూడా అతని వంక చూసింది, చాలా నిష్ఠూరంగా. చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఇంకా ఉందా?" అన్నాడు.

ఆ నెలలోనే హెట్టీ గట్టుమీద బొరియ దగ్గర కూర్చుని లోపలికి వెళ్ళనంది. మామగారు దాన్ని రెండుసార్లు కన్నం ముందు పెట్టారట. రెండుసార్లూ అది వెనక్కి తిరిగి ఆయన బూటు మీద ఎక్కి కూర్చుందట. ఆయన వలలు చుట్టేసి ఇంటికి వచ్చారు. "నేల మరీ గడ్డకట్టిపోయింది," అన్నారు. తర్వాతి శనివారం, "గాలి బాలేదు," అన్నారు. ఆ తర్వాతి శనివారం ఏమీ అనలేదు, వెళ్ళనూ లేదు. రోజూ తేనె రాసేది మాత్రం నేనే. నా వేలు ఆయన వేలికన్నా సన్నం. దాని చిగుళ్ళు చిన్నవి. అది కళ్ళు మూసుకుని వేలు చప్పరించేది. వాసన సంగతి నేను ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు. పక్కింటావిడ వచ్చి ముక్కు మూసుకుంటే, ఈవిడకేమైంది అనుకున్నాను.

మ్యూరియల్ వదిన సమ్మె పెట్రోలు కష్టాలన్నీ దాటుకుని కారేసుకుని వచ్చింది. వచ్చిందంటే చేతులకి గ్లోవ్స్ తియ్యదు, కుర్చీ అంచున కూర్చుంటుంది.

"నాన్నా, ఫ్లాటు ఖాళీ అయింది! కిటికీలోంచి తోట కనిపిస్తుంది. వచ్చే నెల్లో చేరిపోవచ్చు." సొరుగులోకి చూసి పెదవి విరిచింది. "దీని పని కూడా అయిపోయినట్టేగా. మాటిచ్చావట, ఐలీన్ చెప్పింది."

మామగారు నా వంక చూడలేదు. తన బూట్ల వంక చూసుకున్నారు. ఆయన అబద్ధం చెప్పలేరు. మా చాపెల్లో ప్రార్థనకి మొదటి బెంచీ మనిషి.

"ఎవరన్నారు వదినా, పని అయిపోయిందని?" అన్న మాట ఎవరిదా అని చూస్తే నాదే. "వాతావరణం బాలేక ఆగాం. హెట్టీ నిక్షేపంలా పనిచేస్తోంది."

క్లిఫర్డ్ పేపరు కొంచెం కిందికి దించాడు.

"నిక్షేపంలానా? దానికి నిలబడ్డానికే ఓపిక లేదు!" అంది వదిన.

"వచ్చే శనివారం వచ్చి చూడు," అన్నాను. "గార్సైడ్ గట్టుమీద."

ఆమె వెళ్ళాక మామగారు, "అమ్మాయ్, నువ్వు ఇప్పుడేం చేశావో నీకు తెలుసా?" అని అడిగారు. తెలీదన్నాను. నిజమే చెప్పాను.

శుక్రవారం నేను మాంసం కొట్టుకి వెళ్ళి ఒక కుందేలు అడిగాను, బొచ్చుతోనే కావాలన్నాను. కొట్టతను కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎనాక్ కోడలు కుందేలు కొంటోందా? జాలరి ఇంట్లో చేప కొనుక్కున్నట్టుంది."

"చుట్టాలకి," అన్నాను.

"ఎవరికీ చెప్పనులే," అన్నాడు జాలిగా. అంటే టీ వేళకల్లా ఊరంతా చెప్తాడని.

శనివారం ఎండ కాసింది. గట్టుమీద మంచు కరిగి అక్కడక్కడ గడ్డి కనిపిస్తోంది. మ్యూరియల్ వదిన టౌను బూట్లతో వచ్చి మొదటి అడుగులోనే చీలమండల దాకా బురదలో దిగింది. గార్సైడ్ గేటు మీద మోచేతులు ఆన్చి నిలబడ్డాడు. క్లిఫర్డ్ వలలు పరిచాడు. మామగారు నన్ను గట్టుకి అవతల, ముళ్ళపొదల వెనక ఉన్న కన్నం దగ్గర కాపలా పెట్టారు. అక్కడైతే నన్నెవరూ చూడరు. అది నాకు కావలసిన చోటే. కుందేలు నా సంతసంచిలో ఉంది, పైన ఉన్ని మఫ్లరు కప్పి.

గట్టుమీద మాట్లాడకూడదు. అడుగు చప్పుడు కూడా వినపడకూడదు. పైన మనుషులున్నారని తెలిస్తే కుందేలు లోపలే ఉండిపోతుంది. నాకు మాట్లాడకుండా ఉండటం అసలే కష్టం. ఆరోజు నా గుండె చప్పుడే కుందేళ్ళకి వినపడుతుందేమో అనిపించింది.

అవతలి నుంచి మామగారు హెట్టీని వదిలి చెయ్యెత్తి సైగ చేశారు. ఆ చెయ్యి గట్టు పైనుంచి కనిపించి మాయమైంది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నా కన్నంలో మట్టి కదిలింది. మొదట మూతి వచ్చింది, తర్వాత తల, తర్వాత మిగతాదంతా వాయిదాల మీద వచ్చింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ, మీసాల నిండా మన్నుతో హెట్టీ వల కిందనుంచి జారి బయటికి వచ్చి నిలబడింది. కుందేల్ని తరిమే ఉద్దేశం ఎక్కడా లేదు. గాలి వాసన చూసింది. నన్ను చూసింది. నేరుగా నా సంచిలోకి దిగి, మఫ్లరు తన చుట్టూ లాక్కుని, ముడుచుకుని పడుకుంది. మొత్తం గట్టు కింద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి వచ్చి, ఇక నావల్ల కాదమ్మా అన్నట్టు.

నేను దాని కిందనుంచి కుందేల్ని లాగి, వలలో దూర్చి, తాడు బిగించి, "పడింది!" అని అరిచాను.

అందరూ పరిగెత్తుకొచ్చారు. మ్యూరియల్ వదిన ఒక బూటు బురదలోనే వదిలేసి వచ్చింది. అందరికన్నా ముందు గార్సైడ్ వంగి వల విప్పి కుందేల్ని ఎత్తాడు. ఎత్తి, అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

అప్పుడు నేనూ చూశాను. కొట్లో కుందేల్ని కొక్కేనికి తగిలించడానికి ఒక వెనక కాలికి గాటు పెట్టి రెండో కాలు అందులోంచి దూర్చి ముడేస్తారు. ఆ ముడి అలాగే ఉంది. పొట్ట కూడా శుభ్రంగా చీరి ఖాళీ చేసి ఉంది. కాలేజీ దాకా లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకున్నదాన్ని, ఒక కుందేలుకి కాళ్ళు విప్పడం మర్చిపోయాను.

"ఎనాక్," అన్నాడు గార్సైడ్ నింపాదిగా. "యాభై ఏళ్ళుగా నేను ఫెరెట్లని చూస్తున్నాను. కుందేల్ని చంపే ఫెరెట్‌ని చూశాను. కుందేల్ని తినే ఫెరెట్‌ని చూశాను. కుందేల్ని చంపి, పొట్ట కడిగి, మోసుకెళ్ళడానికి వీలుగా కాళ్ళు కూడా ముడేసి పంపే ఫెరెట్‌ని మాత్రం ఇవాళే చూడ్డం."

క్లిఫర్డ్ వెనక్కి తిరిగి దగ్గడం మొదలెట్టాడు. దగ్గుతూ దగ్గుతూ గేటు దాకా వెళ్ళిపోయాడు.

మామగారు కుందేలు వంక చూశారు. నా వంక చూశారు. నా సంచిలోంచి బయటికి కనిపిస్తున్న మీగడ రంగు తోక వంక చూశారు. ఆయన ముఖంలో ఏదో కదిలి సర్దుకుంది.

"అది ముసలిదైంది గార్సైడ్," అన్నారు. "అయినా పని సగంలో వదిలే రకం కాదు."

"అంత పని చేస్తుందా!" అంది మ్యూరియల్ వదిన. ఆమె పెళ్ళై హారోగేట్ వెళ్ళిపోయి చాలా ఏళ్ళైంది, ఫెరెట్ల సంగతి మర్చిపోయింది. నిజంగా మెచ్చుకుంది. ఒంటి బూటు మీద నిలబడి సంచిలోకి తొంగి చూసి, "సరే నాన్నా. ఇంకొన్నాళ్ళు చూద్దాంలే," అంది.

ఇంటికి వచ్చాక మామగారు కుందేల్ని బల్లమీద పెట్టి, కాళ్ళ ముడి వేలితో తట్టారు.

"ఇది ఏ బొరియలోది అమ్మాయ్?"

"గార్సైడ్ బొరియే మామయ్యా."

"కొట్టు వెనక ఉన్న బొరియా?"

ఆయన కత్తి తీసి ముడి విప్పారు, మెల్లగా, నాకు నేర్పుతున్నట్టు. "విప్పేశాక కాస్త వెచ్చ చెయ్యాలి. చల్లగా ఉంటే చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది." కానీ ఆ ఆదివారం చాపెల్లో ఆయన పాడలేదు. ఆయన గొంతు లేకపోతే మా చాపెల్లో పాటకి కింద నేల లేనట్టుంటుంది. అందరూ మెడలు చాచి ముందు బెంచీ వంక చూశారు. ఆయన పాటల పుస్తకం తెరిచి పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డారు. నేను ఆయన్ని ఫ్లాటుకి పోకుండా ఆపాను, నిజమే. ఆయన చేత అబద్ధం ఆడించి ఆపాను.

ఫిబ్రవరిలో సమ్మె అయిపోయి క్లిఫర్డ్ లారీ ఎక్కాడు. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. హెట్టీ ఇప్పుడు సొరుగు దిగడం లేదు. పొద్దున తేనె, మధ్యాహ్నం తేనె. గిన్నె దాని మూతి దగ్గర పట్టుకుంటే రెండు గుక్కలు నాకి, ఇక చాలు అన్నట్టు నా చేతిమీద గడ్డం ఆన్చేది. మామగారు పక్కన కుర్చీ వేసుకుని దానికి పేపరు చదివి వినిపించేవారు. వాతావరణం, పశువుల సంత ధరలు. రాజకీయాలు చదివేవారు కాదు. అది జబ్బు మనిషి కదా అనేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన క్షవరానికి వెళ్ళారు. నేను 'పై' కోసం పిండి వత్తుతున్నాను. సొరుగులో చిన్న చప్పుడు వినిపించి చెయ్యి తుడుచుకుని వెళ్ళాను. హెట్టీ మూతి పైకెత్తింది. వేలికి తేనె రాసి పెట్టాను. ఒక్కసారి నాకింది. తర్వాత నాలిక లోపలికి వెళ్ళలేదు. నా వేలు అలాగే ఉంచాను, ఎంతసేపో. స్వెట్టరు కప్పి, లేచి వెళ్ళి మళ్ళీ పిండి వత్తడం మొదలెట్టాను. ఇంకేం చెయ్యాలో తెలీక.

మామగారు వచ్చి, మెడ వెనక కత్తిరించిన వెంట్రుకలు దులుపుకుంటూ, బల్ల దగ్గర ఆగారు.

"ఇదేంటి అమ్మాయ్, పిండి ఇంత పల్చగా వత్తావ్?"

చూశాను. బల్ల చెక్కలోని గీతలన్నీ పిండిలోంచి కనిపిస్తున్నాయి. పిండి బల్ల నాలుగు అంచులూ దాటి కిందికి వేళ్ళాడుతోంది.

ఆయన పిండిని చూశారు, నన్ను చూశారు, సొరుగు వైపు చూడకుండానే టోపీ తీశారు.

నేల ఇంకా రాయిలా ఉంది. దొడ్లో, కంచె తీగకి ఆనించిన గూస్‌బెర్రీ మొక్కల దగ్గర క్లిఫర్డ్ గడ్డపారతో పగలగొట్టాడు, మామగారు పారతో ఎత్తి పోశారు. సగంలో ఆగి ఊపిరి పీల్చుకుని, "ఎప్పుడూ దాన్ని బయటికి తియ్యడానికే తవ్వాను," అన్నారు. క్లిఫర్డ్ ఇంకా లోతుగా తవ్వబోతే, "చాలురా. మరీ లోతైతే కుందేళ్ళేమైనా ఉన్నాయేమోనని వెతుక్కుంటూ పోతుంది," అన్నారు. అందరం నవ్వాం. కాస్త ఎక్కువసేపే నవ్వాం.

ఆ సాయంత్రమే ఆయన మ్యూరియల్ వదినకి ఫోన్ చేశారు. ఆదివారం వచ్చి తీసుకెళ్ళమన్నారు.

"నాన్నా, ఏంటిది?" అన్నాడు క్లిఫర్డ్. "సర్వీసులో ఉండగా పోయినవాళ్ళని రిటైరయ్యారని అనరు. మా యూనియన్లో ఎవర్నైనా అడుగు."

"అది పని మానేసి చాలా రోజులైందిరా. నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఈ పిల్లకి అందరికన్నా బాగా తెలుసు." నా వంక చూశారు, కోపంగా కాదు. "ఒకసారి అబద్ధమాడాం. రెండోసారికి నా దగ్గర ముఖం లేదు. మాటిచ్చాను, వెళ్తాను."

క్లిఫర్డ్ వాదించాడు, బతిమాలాడు. రాయితో మాట్లాడొచ్చు, యాభై ఏళ్ళు రాళ్ళు కొట్టినవాడితో మాట్లాడలేం.

ఆదివారం పొద్దున ఆయన చాపెల్‌కి రాలేదు. నేను తిరిగొచ్చేసరికి వంటింట్లో బల్ల దగ్గర కోటు, టై వేసుకుని కూర్చున్నారు. సూట్‌కేసు గుమ్మం పక్కన ఉంది. నేను ఏప్రన్ కట్టుకుని బంగాళదుంపల బుట్ట ముందేసుకున్నాను. చెక్కుతున్నాను. ఆయన నేను చెక్కడం చూస్తున్నారు.

"మామయ్యా, ఆ మాట మీరెవరికిచ్చారు?"

"ఏ మాట?"

"హెట్టీ పని మానేస్తే కదుల్తానన్న మాట."

"నీకేగా ఇచ్చాను. చెయ్యి పట్టుకుని మరీ."

"అయితే అది నాది. నాకక్కర్లేదు. వెనక్కి తీసుకోండి."

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు."

"మీరు తీసుకోవడం లేదు, నేనిస్తున్నాను. కొన్న వస్తువు నప్పకపోతే కొట్లో తిరిగి ఇచ్చేసినట్టు."

"రసీదుందా?" అన్నారు.

నేను ఇంకో దుంప తీసుకున్నాను. అది జారి కింద పడి బల్లకిందికి దొర్లిపోయింది. దాన్ని వెతుక్కునే వంకతో వంగి, అక్కడినుంచే, "మీ వాసన అలవాటు చేసుకోవడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది," అన్నాను. "ఆ కష్టమంతా బూడిదలో పోస్తారా? ఇది మీ ఇల్లు. ఇంకోసారి 'మీ ఇంట్లో' అన్నారంటే ఊరుకోను."

బల్లకింద చాలా చీకటిగా, చల్లగా ఉంది. ఆయన బూట్లు కదల్లేదు. పైకి లేచాను. బంగాళదుంపలు చెక్కితే కళ్ళలో నీళ్ళు రావని ఆయనకీ తెలుసు. ఆయన దుంపల గిన్నెలోకి తొంగి చూశారు. అది నిండి, దుంపలు అంచు దాటి పొర్లుతున్నాయి.

బయట కారు హారను మోగింది. మ్యూరియల్ వదిన గ్లోవ్స్‌తో, కొత్త బూట్లతో గుమ్మంలో నిలబడింది. "నాన్నా, రెడీనా? భోజనం వేళకి చేరాలి, అక్కడ పన్నెండున్నరకి గంట కొడతారు."

మామగారు లేచి సూట్‌కేసు అందుకున్నారు. అందుకుని మెట్లవైపు తిరిగారు.

"కోటు విప్పి కూర్చో మ్యూరియల్. మీ మరదలు ఊరందరికీ సరిపడా దుంపలు చెక్కింది."

"అంటే? మరి ఫ్లాటో! అందరికీ చెప్పేశాను!"

"నువ్వు ఉండవే అందులో. తోట కనిపిస్తుందిగా. జంతువుల్ని రానివ్వరన్నారు, మీ ఆయన్ని మాత్రం బయటే కట్టెయ్యాలి."

ఆయన మెట్లెక్కి వెళ్ళారు, మధ్యలో ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని. మ్యూరియల్ వదిన నా వైపు తిరిగింది. పైన బీరువా తలుపు కిర్రుమంది. తర్వాత బూట్లు ఒక్కొక్కటే నేలమీద పడ్డ చప్పుడు.

"పేరు రాయించింది నువ్వూ నేనూ కలిసేగా ఐలీన్! ఇప్పుడిదంతా ఏంటి? ఎప్పటిదాకా?"

పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఉప్పు వేశాను.

"దుంపలు ఉడికేదాకా కూర్చో వదినా," అన్నాను.